నూట పదహారు నంబరు మోటరు

చేవెళ్ల నుంచి తెచ్చిన క్యారెట్లు నిన్నటితో అయిపోయాయి. సంచి బోర్లించి దులిపితే గుప్పెడు ఎర్రమట్టి రాలింది, దాంతోపాటు ఎండిన గులాబీ రేకు ఒకటి. మా ఆఫీసులో అందరికీ ఆ దారి తెలుసు. ఆదివారం పూట కార్లేసుకుని రిసార్టులకు వెళ్తారు, ఫొటోలు దిగి వస్తారు. నేను మాత్రం వెళ్ళింది ఒక అంకె వెంట. అంకె వెంట పడి ఊళ్ళు తిరిగిన మనుషులు ఎక్కువమంది ఉండరు కనక, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి చెప్పాలి. మాది మెహిదీపట్నంలో ఒక మేడ మీద నడిచే చిన్న కంపెనీ. నాతో చదివినవాళ్ళంతా గచ్చిబౌలి అద్దాల మేడల్లో చల్లగా కూర్చుంటే, నేనిక్కడ టంకం పొగ పీలుస్తూ బావి మోటర్లకు బోర్డులు చేస్తున్నాను. "మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ అని అందరికీ చెప్పాను, నువ్వు మోటర్ల గొడవ ఎక్కడా ఎత్తకు" అని మా అమ్మ అమలాపురం నుంచి హెచ్చరిస్తూ ఉంటుంది.

రైతు ఇంట్లో ఒక బటన్ పెట్టె, బావి దగ్గర ఒక బోర్డు. బటన్ నొక్కితే రేడియోలో కబురు వెళ్ళి అక్కడ మోటరు తిరుగుతుంది. ఒకరి కబురు ఇంకొకరి బోర్డు వినకూడదు కాబట్టి ప్రతి జతకీ ఒక నంబరు. పెద్ద కంపెనీలైతే ఎవరికీ లేని నంబర్లను కట్టలు కట్టలుగా డబ్బు పోసి కొనుక్కుంటాయి. మాకంత స్తోమత లేక మేమే ఒకటి నుంచి వేసుకుంటూ పోయాం. పైగా మాది ఓపెన్ సోర్స్ బోర్డు. నమూనా, ప్రోగ్రాము అన్నీ నెట్‌లో పెట్టేశాం. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని బోర్డు వెనక అచ్చు కూడా వేశాం. అలా అచ్చు వేసినప్పుడు మాకు గర్వంగానే ఉండేది.

దీపావళి వెళ్ళాక ఒక పొద్దున్న సురంగల్ నుంచి అంజయ్య అనే రైతు ఫోను చేశాడు. "మేడం, మీరు హైదరాబాద్‌ల కూసోని మా మోటరు ఏస్తున్నరా ఏంది?" అన్నాడు. నవ్వబోయాను. "నవ్వుడు కాదు మేడం, నిన్న నా చెయ్యి పోతుండె" అన్నాడు. సంచి సర్దుకుని బస్సెక్కాను.

మొయినాబాద్

బస్సు దిగగానే టీ తాగాను. నాలుగు రూపాయలు. గ్లాసు చిన్నది, చక్కెర పెద్దది. పక్కనే బజ్జీలు వేస్తుంటే అవీ తిన్నాను. మా వైపు బజ్జీకి చీలికలో వాము, చింతపండు కూరతారు. ఇక్కడి మిరపకాయకు అలాంటి మొహమాటాలేవీ లేవు, నేరుగా పనిలోకి దిగుతుంది. కళ్ళు తుడుచుకుంటుంటే తెల్లచొక్కా మనిషి ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ప్లాటు చూస్తందుకు వచ్చిన్రా మేడం? సర్వే నంబర్ క్లియర్ ఉన్నది. లిటిగేషన్ ఏం లేదు."

కాదన్నాను. నా సంచి వైపు చూసి నమ్మలేదు. ఈ దారిలో సంచితో దిగిన ప్రతి పట్నం మనిషీ ప్లాటుకే వస్తారట. అంజయ్య మోటర్ సైకిల్ మీద వచ్చి నన్ను ఎక్కించుకునేదాకా ఆయన ధర తగ్గిస్తూనే ఉన్నాడు. ఇంకో గ్లాసు టీ తాగి ఉంటే అడ్వాన్సు ఇచ్చేసేదాన్నేమో.

సురంగల్

అంజయ్యకు యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. భార్య సత్తెమ్మ. నేను "అంజయ్య గారూ" అన్నప్పుడల్లా ఆవిడకు నవ్వాగలేదు.

"గారు ఏంది బిడ్డ? మా ఊర్ల సర్పంచ్‌ను గూడ అన్న అంటరు. ముందుగాల తిను. ఆకలి కడుపుతోని ఏం రిపేర్ జేస్తవు?"

జొన్నరొట్టె, టమాట తొక్కు, చల్ల. మా ఇంట్లో రొట్టె అంటే మూకుడులో కాలే దిబ్బరొట్టె, మందంగా, తీరిగ్గా ఉంటుంది. సత్తెమ్మ చేతిలో జొన్నపిండి ముద్ద చప్పట్లు కొట్టినట్టు తిరిగి చంద్రబింబమంత అయింది. మూడు తిన్నాను. నాలుగోది తనే వేసింది.

తరువాత బావి దగ్గరికి నడిచాం. క్యారెట్ మడిలో తడి ఎంతుందో చూసుకోకుండా అడుగు వేశాను. కాలు వచ్చింది గాని చెప్పు రాలేదు. అంజయ్య చెయ్యి పెట్టి కెలికినా దొరకలేదు. ఆ తరువాత ప్రయాణమంతా సత్తెమ్మ రబ్బరు చెప్పుల్లోనే జరిగింది.

మా కోనసీమలో నీళ్ళు కాలవలో వాటంతటవే వస్తాయి. నీటి కోసం మనిషి మెట్లు దిగి మోటరుకు దండం పెట్టడం అక్కడ ఎరగం. ఇక్కడ కరెంటు వచ్చేవేళకు చీకటనక, వర్షమనక బావి దగ్గరికి పరుగెత్తాలి. మా బటన్ వచ్చాకే ఆ పరుగు తప్పిందని అంజయ్య అన్నాడు. నిన్న మోటరు బిగుసుకుంటే, కిందికి దిగి చేత్తో ఫ్యాను తిప్పబోయాడట. చెయ్యి పెట్టేలోపే అది గిర్రున తిరిగింది. భుజం మీది తువ్వాల జారి ఫ్యానులో చుట్టుకుంది. ఆ తువ్వాల నాకు చూపించాడు. పీలికలు తప్ప ఏమీ మిగల్లేదు.

"నువ్వు ఒత్తినవా అని ఈమెను తిట్టిన" అన్నాడు. "ఈమె వంటింట్ల ఉన్నది. బటన్ గూట్ల ఉన్నది."

ల్యాప్‌టాప్ తెరిచి, గాలిలో తిరిగే కబుర్లు వినే చిన్న పరికరం తగిలించాను. బోర్డును మోటరు నుంచి తప్పించి చిన్న బల్బు ఒక్కటి తగిలించాను. సత్తెమ్మ బటన్ పెట్టెను అరచేతిలో పెట్టుకుని నా ముందు కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. కొంగలు, గాలి. తరువాత నా తెర మీద ఒక లైను వచ్చింది: నూట పదహారు, మోటరు వెయ్యి. బల్బు వెలిగింది.

"సూడు, నా చేతులనే ఉన్నది. నేను ఒత్తలె" అంది సత్తెమ్మ మెల్లగా.

నూట పదహారు వాళ్ళ నంబరే. మేము ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదని నాకు బాగా తెలుసు. రేడియో అందేంత దూరంలో, ఎక్కడో ఇదే నంబరుతో ఇంకో జత ఉందన్నమాట. దీన్ని ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే సత్తెమ్మ మధ్యలో ఆపింది.

"అంటే డబల్ రిజిస్ట్రేషన్ అయిందన్నట్టు. ఒక్కటే ప్లాటు నంబరు ఇద్దరికి రాసిచ్చిన్రు."

అంతకంటే బాగా మా కంపెనీలో ఎవరూ చెప్పలేరు. అవునన్నాను. ఆవిడ మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"వాళ్లు ఒత్తితే మాది తిరిగింది. మరి నేను ఒత్తితే వాళ్లది తిరగదా?"

తిరుగుతుందన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎన్ని దినాల సంది ఒత్తుతున్ననో బిడ్డ. గా బాయిల ఎవలన్న చెయ్యి వెట్టి ఉంటే? ఈయనకు తువ్వాలతోని పోయింది. వాళ్లకు?"

అంజయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ వినలేదు. ఇంటికి వెళ్ళి బటన్ పెట్టెను జొన్నల గాబులో మోచేతి లోతున దాచి మూత పెట్టింది. ఆ మనిషెవరో, బాగున్నాడో లేదో తెలిసేదాకా దాన్ని ముట్టనంది. ఆ రాత్రి నాకు మంచం వేసి తను కింద పడుకుంది. నిద్రపోలేదని ఆమె గాజుల చప్పుడు చెబుతూనే ఉంది.

చేవెళ్ల

ఆ బోర్డు ఎప్పుడైనా వేరేవాళ్ళ చేతికి వెళ్ళిందా అని పొద్దున్నే అడిగితే అంజయ్యకు గుర్తొచ్చింది. వానాకాలంలో పెట్టెలో బల్లి దూరి మాడితే, చేవెళ్లలో రాములు అనే మెకానిక్ దగ్గర బాగు చేయించాడట. బస్సెక్కి వెళ్ళాను. దారిలో ఆ రాములుకు చెప్పాల్సిన నాలుగు మాటలూ వరసగా పేర్చుకున్నాను. చెప్పుల సైజు పెద్దదై నడిచినప్పుడల్లా టపటపమంటుంటే, కోపంగా నడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

చేవెళ్లలో బస్సు దిగితే ముందు కనపడేది కూరగాయలు. కడిగిన క్యారెట్ల గుట్టలు, తడి గోనెలు, కొత్తిమీర వాసన. మా వైపు క్యారెట్ చుట్టాలొచ్చినప్పుడు కొనే కూర. ఇక్కడ ఆటో డ్రైవరు నుంచి కండక్టరు దాకా అందరూ దాన్ని జామకాయలా కొరుక్కుంటూ తిరుగుతున్నారు. నాకూ ఒకరు ఊరికే ఒకటి ఇచ్చారు. తింటూ తిట్టలేను కనక అది పూర్తయ్యాకే రాములు షాపు మెట్లెక్కాను.

రాములు హుషారైన మనిషి. మోటర్లు చుడతాడు, టీవీలు బాగు చేస్తాడు. నేనెవరో చెప్పగానే కుర్చీ తుడిచాడు. "మీ బోర్డు మస్తుగున్నది మేడం. నేను గూడ రెండు జతలు జేసిన" అని తనే చెప్పేశాడు. నా నాలుగు మాటలకూ పని లేకుండా పోయింది.

"ఎట్లా చేశారు?"

"మీదే గదా, ఎవలన్న చేస్కోవచ్చు అని రాసింది. నేను చదివిచ్చుకున్న. కోఠిల బోర్డు కొట్టించిన. మీ చిప్పుల ఉన్నది ఉన్నట్టు నా చిప్పులకు ఎక్కించిన. ఒక్క అక్షరం మార్చలె."

"నంబరు కూడానా?"

"నంబర్ మారిస్తే డూప్లికేట్ అంటరు గదా మేడం. అసలు దాని మీద ఏం ఉన్నదో గదే ఉండాలె. స్టిక్కర్ గూడ గట్లనే కొట్టించిన. పైగా నూట పదార్లాయె. పెండ్లిల సదివిచ్చే నంబరు, దాన్ని ఎట్ల తీస్తం?"

డూప్లికేట్ అనిపించుకోకూడదని నంబరు డూప్లికేట్ చేసిన మనిషిని ఏమని తిట్టాలో నాకు తెలియలేదు. అచ్చు వేసింది మేమే. నంబరును ప్రోగ్రాముతో పాటు కాపీ అయ్యేచోట పెట్టిందీ మేమే. తువ్వాల సంగతి చెప్పాను. రాములు చేతిలోని టంకం కడ్డీని పక్కన పెట్టాడు.

"ఒక జత మా బామ్మర్దికి ఇచ్చిన, ప్రొద్దుటూర్ల. గది దూరం, మీ రేడియో అందది. నేనే పోయి తెస్త. ఇంకోటి ఒక గులాబి తోట ఆమె కొన్నది" అన్నాడు. "మొయినాబాద్ దిక్కు అన్నది. ఏ ఊరో అడగలె. ఫోన్ నంబర్ గూడ తీసుకోలె."

గులాబి తోటలు ఆ చుట్టుపక్కల ఎన్నున్నాయో ఎవరు లెక్కపెట్టారు? అప్పుడు రాములు బల్ల కిందికి వంగి, ఆమె బాగు చేయమని వదిలివెళ్ళిన పాత స్టార్టరును బయటికి లాగాడు. అది గోనెసంచిలో ఉంది. సంచి మూతికి వెలిసిన ఆకుపచ్చ చీరపేలిక, పసుపు అంచుతో, కట్టి ఉంది.

"పూల ఆటో నర్సింహ ఉంటడు, చూపిద్దాం పా" అన్నాడు.

నర్సింహ టీ హోటల్ ముందు ఆటోలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. తెల్లవారకముందే ఊరూరా పూలమూటలు ఎత్తుకుని పట్నం మార్కెట్‌కు చేరుస్తాడు. పేలికను వేళ్ళతో ఒకసారి రుద్ది, "గిది లచ్చమ్మది. సురంగల్ దిక్కు, నీలగిరి చెట్ల అవతల" అన్నాడు.

ఎలా చెప్పావని అడిగాను.

"నా ఆటోల మూటలన్ని ఒక్కతీర్గనే ఉంటయి. పేరు రాస్తే తడికి పోతది. అందుకే ఎవల పాత చీర పేలిక వాళ్లు కడ్తరు. మార్కెట్ల పేలిక చూసి మూట తీసుకుంటరు."

నా వృత్తి ఊరుకోదు కదా. "ఇద్దరు ఒకే చీర కొంటే?" అన్నాను.

"కొంటరు. గుంపుల పోయి ఒక్కటే దుక్నంల కొంటరు. గానీ ఇద్దరియ్యి ఒక్కతీర్గ చినగయి గదా మేడం."

నాకు ముచ్చటేసింది. మనసు తేలికపడి ఆటో ఎక్కబోతుంటే నర్సింహ మామూలుగా ఇంకో మాట అన్నాడు. "లచ్చమ్మ మొగడు మల్లేశ్ మార్కెట్‌కు వస్తలేడు ఈ నడుమ. చేతికి కట్టు ఉన్నది."

రాములు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. సురంగల్‌కు ఫోను చేద్దామని తీసిన సెల్లు మళ్ళీ సంచిలో పెట్టేశాను.

నీలగిరి చెట్ల అవతల

రాములూ నేనూ నర్సింహ ఆటోలోనే బయలుదేరాం. రంగురాళ్ళు పాతిన ఒక వెంచరు దాటాం. "మీ కలల ఇల్లు" అని రాసి ఉన్న బోర్డు నీడలో మేకలు పడుకున్నాయి. నీలగిరి తోపు దాటగానే గులాబీలు కనపడ్డాయి, ఎర్రవి, వరసలు వరసలుగా. వాటిని చూసి సంతోషించే స్థితిలో నేను లేను.

మల్లేశ్ గుడిసె ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు. లచ్చమ్మ పూలు మూటకడుతోంది, బొద్దుగా ఉన్న, గట్టి గొంతు మనిషి. నేను నమస్కారం కూడా పెట్టలేదు.

"ఆ చెయ్యి... మోటరుకేనా?" అన్నాను.

"మోటరుకెందుకు?" అంది లచ్చమ్మ. "గులాబి ముల్లు ఇరిగింది లోపట. తియ్యనిస్తె గదా. సూది అంటె భయం ఈయనకు. చీము వట్టినంక దవాఖానకు ఉరికిండు."

మల్లేశ్ సిగ్గుపడి కట్టు వెనక్కి దాచుకున్నాడు. నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళనీళ్ళూ వచ్చాయి. రాములు "ముల్లే, ముల్లే" అని రెండుసార్లు అని మొహం తుడుచుకున్నాడు. లచ్చమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, ఎండదెబ్బ అనుకుందేమో, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

సంగతంతా చెప్పాక తను నింపాదిగా తలూపింది.

"నాకు ఎర్కనే. దసరా సంది మా మోటరు తనంతల తాను తిరుగుతున్నది. దాన్ని నేను నమ్మ. ఈయన దిగుతున్నడంటె స్టార్టర్ల మూడు ఫీజులు పీకి గిట్ల బొడ్ల చెక్కుకుంట. పైకొచ్చి నా ముంగట నిలవడ్డదాంక ఇయ్య."

ఇన్ని దినాలూ ఒక మనిషి చెయ్యి నిలిచి ఉన్నది మా బోర్డు మీద కాదు, ఆవిడ నడుము దగ్గరి చీర మడత మీద. ఆ మడతకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

సురంగల్‌కు ఫోను చేశాను. ఎవరికీ ఏమీ కాలేదన్నాను. "నా మనసు కుదుటపడాలని చెప్తున్నవు బిడ్డ" అంది సత్తెమ్మ. ఎన్ని చెప్పినా అదే మాట. సరే, మా పని అయ్యాక మళ్ళీ చేస్తాను, బటన్ పట్టుకుని మీ బావి దగ్గరికి రండి, బోర్డు మోటరుకు తగిలించమని అంజయ్య గారికి చెప్పండి అన్నాను. ముట్టనంది. రావడమైతే వస్తానంది, బటన్ అంజయ్య తెస్తాడంది.

లచ్చమ్మ బోర్డును, బటన్ పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆఫీసుకు ఫోను చేసి ఇంతవరకూ ఎవరికీ ఇవ్వని నంబరు అడిగాను. లచ్చమ్మ పక్కన నిలబడి బేరం మొదలుపెట్టింది.

"నూట పదార్లు తీసి ఎంత ఇస్తవు?"

"మూడు వందల నలభై ఒకటి."

కాసేపు లెక్కేసింది. "ఎనుక ఒకటి ఉన్నది గదా. మంచిదే, తియ్యి."

ఇకమీద రాములు చేసే బోర్డులకు ముందు 'చే' అనే అక్షరం, తరువాత తన సొంత నంబరు వేసుకోవాలని అనుకున్నాం. "బండ్లకు జిల్లా నంబర్ ఉన్నట్టు" అన్నాడు, వెంటనే ఒప్పుకున్నాడు. తిరిగి వచ్చాక మేము కూడా, పుట్టుకతోనే చెరపరాని నంబరు ఉండే చిన్న చిప్పు ఒకటి బోర్డు మీద వేయడం మొదలుపెట్టాం. ప్రోగ్రామును ఎవరు కాపీ చేసుకున్నా ఆ నంబరు రాదు. ఖర్చు కొంచెం పెరిగింది, నిద్ర బాగా పడుతోంది.

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. లచ్చమ్మ బొడ్లోంచి ఫ్యూజులు తీసి ఒక్కొక్కటే పెట్టింది. తరువాత ఒక విడిగులాబీని తెచ్చి మోటరు ఫ్యాను రెక్క మీద నిలబెట్టింది. తిరిగితే పువ్వు ఎగిరిపోతుంది. నేను సురంగల్‌కు ఫోను చేసి, లచ్చమ్మ చేతికిచ్చాను.

"ఒత్తు అక్క" అంది లచ్చమ్మ.

అటు నుంచి కొంగల అరుపు వినిపించింది, అంటే బావి దగ్గరే ఉన్నారు. తరువాత సత్తెమ్మ గొంతు వచ్చింది. "ముందుగాల చెప్పు చెల్లె. మీ ఇంటాయన చెయ్యి?"

"ముల్లు గుచ్చింది. నీ తోని కాదు. ఇగో, ఈయననే మాట్లాడతడు."

మల్లేశ్ ఫోను తీసుకున్నాడు, కట్టు ఉన్న చేత్తోనే. "ముల్లే అక్క" అన్నాడు. "ఐదు వేళ్ళు ఉన్నయి. ఇదే చేతులనే ఫోను ఉన్నది."

అందరం పువ్వు వైపు చూస్తూ నిలబడ్డాం. ఫోనులో టక్కుమని చిన్న చప్పుడు, ఆ వెనకే దూరంగా మోటరు మూలుగు, తరువాత కాలవలో నీళ్ళు దూకిన చప్పుడు. మా ముందు పువ్వు పువ్వులాగే ఉంది. ఒక్క రేకు కదల్లేదు.

"తిరగలే అక్క" అంది లచ్చమ్మ. "నీది నీకే తిరిగింది."

నీళ్ళ చప్పుడులోంచి సత్తెమ్మ ఏడుపు వినిపించింది, ఆ ఏడుపు మధ్యలోనే అంజయ్యను కేకేయడం కూడా వినిపించింది.

"ఏమయ్యా, తూము ఇడువు. క్యారెట్ గడ్డలకు నీళ్లు పారనియ్యి."